ఆరోగ్యవంతుల రక్తంలో స్వీయ యాంటీబాడీలు: నూట పాతికేళ్ల సింహావలోకనం

ఇరవయ్యో శతాబ్దం మొదలవుతున్న రోజుల్లో జర్మనీలో పాల్ ఎర్లిక్, యూలియస్ మోర్గెన్‌రాత్ మేకల మీద కొన్ని ప్రయోగాలు చేశారు. ఒక మేక రక్తాన్ని మరో మేకకు ఎక్కిస్తే, ఎక్కించుకున్న మేక ఒంట్లో ఆ పరాయి ఎర్రకణాలను చిట్లగొట్టే పదార్థం తయారైంది. అదే మేక రక్తాన్ని తీసి దానికే ఎక్కిస్తే అలాంటిదేమీ పుట్టలేదు. పరాయి రక్తం మీద అంత వేగంగా ఆయుధం తీసే శరీరం సొంత రక్తం జోలికి ఎందుకు పోలేదు? ఎర్లిక్ ఈ వెనకంజకు 1901లో ‘హారర్ ఆటోటాక్సికస్’ అని పేరు పెట్టాడు. తనకు తానే విషం కావడానికి శరీరం జంకుతుందని దాని భావం. ఆయన నిజానికి జాగ్రత్తగానే మాట్లాడాడు. శరీరంలో ఏదో నియంత్రణ ఏర్పాటు ఉండి తీరాలన్నాడు, అది ఎప్పుడూ విఫలం కాదని మాత్రం అనలేదు. తర్వాత చదివినవాళ్లు మాత్రం ఆ మాటను ‘సొంత కణాలపై యాంటీబాడీ పుట్టడం అసాధ్యం’ అనే శాసనంగా మార్చేశారు. సుమారు అర్ధశతాబ్దం ఆ శాసనమే నడిచింది.

అదే 1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ తన రక్తాన్ని, తోటి ఉద్యోగుల రక్తాన్ని కలిపి చూసి రక్త గ్రూపులను బయటపెట్టాడు. వాళ్లంతా ఆరోగ్యవంతులే. ఎవరూ ఎప్పుడూ పరాయి రక్తం ఎక్కించుకున్నవారు కారు. అయినా ‘ఎ’ గ్రూపువారి సీరంలో ‘బి’ కణాలను గుంపుకట్టించే యాంటీబాడీ ఉంది, ‘బి’ గ్రూపువారిలో ‘ఎ’కి వ్యతిరేకమైనది ఉంది. సొంత గ్రూపు మీద మాత్రం ఏదీ లేదు. 1910లో ఫాన్ డుంగర్న్, హిర్ష్‌ఫెల్డ్ ఈ గ్రూపులు మెండెల్ సూత్రాల ప్రకారం తల్లిదండ్రుల నుంచి వస్తాయని చూపించారు. అంటే ఒక ఆరోగ్యవంతుడి రక్తంలో ఏ యాంటీబాడీ ఉండాలో, ఏది ఉండకూడదో జన్యువు నిర్ణయిస్తుందన్న సంగతి అప్పటికే కళ్లముందు ఉంది. దాన్ని ఆ కోణంలో ఎవరూ చదవలేదు. రక్త గ్రూపులు రక్తమార్పిడివారి వ్యవహారంగా మిగిలాయి.

ఈ మాటకు మన దేశం ఒక గొప్ప ఉదాహరణ ఇచ్చింది. 1952లో బొంబాయిలో వై.ఎం. భెండే, ఆయన సహచరులు కొందరి రక్తంలో ‘హెచ్’ అనే మూల పదార్థమే లేదని గుర్తించారు. ‘ఎ’, ‘బి’ గ్రూపులకు పునాది అదే. ‘ఓ’ గ్రూపువారిలోనూ అది పుష్కలంగా ఉంటుంది. అది లేనివారి ఒళ్లు దాన్ని పరాయిదిగా చూసి గట్టి యాంటీబాడీని తయారుచేసుకుంటుంది. అందుకే బాంబే గ్రూపువారికి ‘ఓ’ రక్తం కూడా పనికిరాదు. మిగతా అందరికీ సొంతమైనది వీరికి శత్రువు. తేడా ఒకే ఒక్క జన్యువులో ఉంది. ఏది సొంతం, ఏది పరాయి అన్న గీత ప్రకృతి అందరికీ ఒకే చోట గీయలేదు. ఈ వ్యాసమంతా ఆ గీత మనిషి మనిషికీ ఎలా జరుగుతుందన్న దాని గురించే.

ఎర్లిక్ పేరుతో చలామణి అయిన శాసనానికి మొదటి దెబ్బ 1904లోనే తగిలింది. చలి తగిలితే మూత్రం ఎర్రబడే ఒక అరుదైన జబ్బులో సొంత ఎర్రకణాలను పట్టే యాంటీబాడీ ఉందని డోనాత్, లాండ్‌స్టైనర్ నిరూపించారు. దాన్ని మినహాయింపుగా పక్కన పెట్టేశారు. 1906లో సిఫిలిస్ కోసం వాసర్‌మన్ పరీక్ష వచ్చింది. ఆ పరీక్షలో యాంటీబాడీ పట్టుకుంటున్నది సిఫిలిస్ క్రిమిని కాదు, మన కణాల్లోనే ఉండే ఒక కొవ్వు పదార్థాన్ని. 1941లో మేరీ పాంగ్‌బార్న్ దాన్ని ఎద్దు గుండె నుంచి శుద్ధి చేసి కార్డియోలిపిన్ అని పేరు పెట్టింది. అంటే లక్షల మంది మీద జరిగిన ఈ పరీక్ష స్వీయ యాంటీబాడీ పరీక్షే. అమెరికాలో పెళ్లికి ముందు, సైన్యంలో చేరే ముందు సిఫిలిస్ రక్తపరీక్షలు చేయడం మామూలైన రోజుల్లో, ఏ జబ్బూ లేని మనుషులు ‘పాజిటివ్’గా తేలారు. పెళ్లి కావలసిన అమ్మాయి నెత్తిన సుఖవ్యాధి ముద్ర పడటం అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఆ తప్పుడు పాజిటివ్‌లలో కొందరికి తర్వాతి కాలంలో లూపస్ అనే స్వీయ రోగనిరోధక జబ్బు వచ్చింది, చాలామందికి ఏమీ రాలేదు. ఆరోగ్యవంతుల స్వీయ యాంటీబాడీలతో వైద్యలోకానికి మొదటి పెద్ద పరిచయం ఇదే. ఆ పరిచయానికి మూల్యం చెల్లించినవారు సామాన్యులు.

1940లు, 50లలో గాలి మారింది. 1945లో కూంబ్స్ పరీక్ష, 1948లో మేయో క్లినిక్‌లో హార్‌గ్రేవ్స్ చూసిన లూపస్ కణం, కీళ్లవాతంలో రుమటాయిడ్ ఫ్యాక్టర్ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1956లో బఫెలో నగరంలో నోయెల్ రోజ్, విటెబ్‌స్కీ కుందేళ్లకు వాటి సొంత థైరాయిడ్ పదార్థాన్నే ఎక్కించి థైరాయిడ్ వాపు తెప్పించారు. అదే ఏడాది లండన్‌లో డెబొరా డోనియాక్, ఐవాన్ రాయిట్ బృందం హషిమోటో జబ్బు రోగుల రక్తంలో థైరాయిడ్‌ను పట్టే యాంటీబాడీలను కనుగొంది. మర్నాడే అన్నట్టుగా 1957లో మెక్‌ఫార్లేన్ బర్నెట్ తన క్లోనల్ సెలెక్షన్ సిద్ధాంతం ప్రకటించాడు. సొంత కణాలను గుర్తించే తెల్లకణాలు ‘నిషిద్ధ సంతతి’ అనీ, పుట్టుకముందే శరీరం వాటిని తుడిచిపెట్టేస్తుందనీ, తప్పించుకున్నవే జబ్బు తెస్తాయనీ అన్నాడు. సిద్ధాంతం గొప్పది. కానీ దాని నీడలో స్వీయ యాంటీబాడీ అంటే జబ్బు అనే సమీకరణం స్థిరపడిపోయింది. ‘ఉండనే ఉండదు’ నుంచి ‘ఉంటే రోగమే’ దాకా ఒక్క ఊపులో వచ్చేశారు. రెండూ పొరపాటే.

ఆ ఊపులోనూ కొందరు ఆరోగ్యవంతులను వదలలేదు. 1960లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో హాల్, ఓవెన్, స్మార్ట్ థైరాయిడ్ రోగుల దగ్గరి బంధువులను పరీక్షించారు. ఏ లక్షణమూ లేని తోబుట్టువుల్లో, తల్లుల్లో కూడా ఆ యాంటీబాడీలు విరివిగా కనిపించాయి. యాంటీబాడీ తయారుచేసే స్వభావమే కుటుంబంలో పారుతోందని వాళ్లు రాశారు. ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని మాత్రం ఆ పక్కనే, విక్‌హమ్ అనే ప్రాంతంలో జరిగింది. 1970ల మొదట్లో 2,779 మంది పెద్దవాళ్లను, ఆసుపత్రికి వచ్చినవారిని కాకుండా ఇళ్లలో ఉన్నవారిని, పరీక్షించి వాళ్ల వివరాలు భద్రపరిచారు. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ వెళ్లి చూశారు. థైరాయిడ్ యాంటీబాడీలు మాత్రమే ఉండి మిగతావన్నీ సవ్యంగా ఉన్న స్త్రీలలో ఏడాదికి నూటికి ఇద్దరు చొప్పున థైరాయిడ్ లోపంలోకి వెళ్లారు. యాంటీబాడీలతో పాటు థైరాయిడ్‌ను ప్రేరేపించే టీఎస్‌హెచ్ హార్మోన్ కూడా పెరిగి ఉన్నవారిలో ఆ లెక్క నూటికి నలుగురు. అంటే యాంటీబాడీ ఉన్న ఎందరో స్త్రీలు ఇరవై ఏళ్లూ థైరాయిడ్ మాత్ర ముట్టకుండానే గడిపారు. ఓపికగా ఇరవై ఏళ్లు ఎదురుచూస్తే తప్ప తేలని నిజం ఇది. ఇలాంటి ఓపికకు డబ్బులిచ్చే సంస్థలు ఇప్పుడు అరుదు.

మన సంగతికొస్తే, హైదరాబాద్‌తో సహా ఎనిమిది భారతీయ నగరాల్లో 5,376 మందిపై చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 22 శాతం మందికి థైరాయిడ్ పెరాక్సిడేజ్‌పై యాంటీబాడీలు ఉన్నాయి. థైరాయిడ్ లోపం ఉన్నవారు 11 శాతం. రెండు అంకెలనూ పక్కపక్కన పెడితే యాంటీబాడీ ఉండటం, జబ్బు ఉండటం ఒకటి కాదని మన గడ్డ మీదే తేలిపోతుంది.

కేంద్రక యాంటీబాడీల కథ కూడా ఇలాగే నడిచింది. 1957లో ఫ్లోరసెంట్ రంగుతో కణ కేంద్రకాన్ని మెరిపించే ఏఎన్‌ఏ పరీక్ష రూపుదిద్దుకుంది. లూపస్ రోగుల్లో అది దాదాపు అందరిలోనూ పాజిటివ్ కావడంతో పేరు మారుమోగింది. ఆరోగ్యవంతుల్లో అది ఎంతమందికి వస్తుందో పద్ధతిగా లెక్కతేల్చడానికి నలభై ఏళ్లు పట్టింది. 1997లో ఎంగ్ టాన్ నేతృత్వంలో 15 ప్రయోగశాలలు ఆరోగ్యవంతుల సీరం నమూనాలను పరీక్షించాయి. సీరాన్ని 40 రెట్లు పలుచన చేస్తే దాదాపు 32 శాతం మంది పాజిటివ్. 80 రెట్లు చేస్తే 13 శాతం. 160 రెట్లకు 5 శాతం. అమెరికా జాతీయ ఆరోగ్య సర్వేలో భద్రపరచిన సీరాలను పరీక్షిస్తే 12 ఏళ్లు దాటినవారిలో ఏఎన్‌ఏ 1988-91లో 11 శాతం ఉండగా 2011-12 నాటికి 16 శాతానికి చేరింది. స్త్రీలలో ఎక్కువ. ఆరోగ్యవంతుల్లోనే ఎక్కువగా కనిపించే డీఎఫ్‌ఎస్70 అనే రకం కూడా బయటపడింది. అది ఒంటరిగా ఉంటే లూపస్ అవకాశం తక్కువేనని వైద్యులు ధైర్యం చెప్పగలుగుతున్నారు. ఒళ్లునొప్పులకు, జుట్టు రాలడానికి కూడా ఏఎన్‌ఏ రాయించుకుని, ‘పాజిటివ్’ అన్న మాట చూసి నిద్రపట్టక తిరిగేవాళ్లకు ఈ అంకెలు చెప్పడం వైద్యం కిందకే వస్తుంది.

మరి జబ్బు లేకుండా ఈ యాంటీబాడీలు ఎందుకున్నాయి? పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పియర్ గ్రాబార్ ఎప్పుడో ఒక విడ్డూరమైన మాట అని ఉన్నాడు. యాంటీబాడీలు ఆయుధాలు మాత్రమే కావు, ఒంట్లోని చెత్తను మోసుకెళ్లే బండ్లు కూడా అని. 1980ల్లో అక్కడే స్ట్రాటిస్ అవ్రామియాస్ బృందం మామూలు మనుషుల సీరంలో యాక్టిన్, ట్యూబులిన్ వంటి సొంత ప్రొటీన్లను పట్టే ‘సహజ’ యాంటీబాడీలను వెలికితీసింది. సూక్ష్మక్రిములు లేని వాతావరణంలో పెంచిన ఎలుకల్లో కూడా అలాంటివి పుడతాయి. చనిపోయిన కణాల శిథిలాలను ఏరివేయడంలో వాటికి పాత్ర ఉంది. 2003లో న్యూయార్క్‌లో వార్డెమన్, నుస్సెన్‌జ్వైగ్ బృందం ఇంకా లోపలికి వెళ్లి ఎముక మజ్జలో అప్పుడే పుడుతున్న, యాంటీబాడీలు తయారుచేసే బి కణాలను ఒక్కొక్కటిగా పరీక్షించింది. వాటిలో 55 నుంచి 75 శాతం సొంత పదార్థాన్నే పట్టుకుంటున్నాయి! పుట్టుకలోనే మెజారిటీ కణాలు స్వీయ ప్రతిచర్య గలవేనన్నమాట. తర్వాత దశలవారీగా చేటతో చెరిగినట్టు చెరిగితే, రక్తంలోకి వచ్చేనాటికి ఆ వాటా ఐదో వంతుకు దిగుతుంది. సున్నాకు మాత్రం దిగదు. ఎర్లిక్ ఊహించిన నియంత్రణ ఏర్పాటు ఇదే.

ఆ చెరగడంలో జన్యువుల చెయ్యి ఎంత ఉంది? 2011లో ఎరిక్ మెఫ్ర్ బృందం ఇచ్చిన జవాబు నా దృష్టిలో ఈ కథకు మలుపు. పీటీపీఎన్22 అనే జన్యువులో ఒక అక్షరం మారిన రూపం టైప్ 1 మధుమేహం, కీళ్లవాతం ముప్పు పెంచుతుందని 2004 నుంచే తెలుసు. మెఫ్ర్ బృందం ఆ రూపం ఉన్నా ఏ జబ్బూ లేని మనుషులను తీసుకుంది. వాళ్లలో కూడా స్వీయ ప్రతిచర్య గల బి కణాలు జల్లెడ దాటి ఎక్కువగా వస్తున్నాయి. జబ్బు తర్వాతి సంగతి, జల్లెడ కన్నాలు ముందే వెడల్పుగా ఉన్నాయి. ఆ రూపం ఉత్తర ఐరోపాలో మామూలు, తూర్పు ఆసియాలో దాదాపు లేదు, మన దేశంలో బహు అరుదు. ఒకే కన్నం అందరికీ ఉండదని ఇక్కడే అర్థమవుతుంది.

బి కణాలకు తోడుగా పనిచేసే టి కణాల వైపు తెరిచిన తలుపు ఐర్ అనే జన్యువు. చిన్నతనంలోనే పారాథైరాయిడ్, అడ్రినల్ గ్రంథులు దెబ్బతినే ఒక అరుదైన వంశపారంపర్య జబ్బుకు కారణంగా 1997లో అది దొరికింది. 2002లో డయాన్ మాథిస్, క్రిస్టొఫ్ బెన్వా బృందం దాని పని చూపించింది. థైమస్ గ్రంథిలో కాలేయం, క్లోమం వంటి దూరపు అవయవాల ప్రొటీన్లను కొద్దికొద్దిగా తయారుచేయించి, పెరుగుతున్న టి కణాలకు ‘ఇవన్నీ మనవే’ అని పరిచయం చేయించడమే ఆ పని. ఆ పరిచయం జరగకపోతే ఒకటి కాదు, డజన్ల యాంటీబాడీలు పుట్టుకొస్తాయి. ఈ జబ్బు ఫిన్లండ్‌లో, సార్డీనియాలో, ఇరాన్ నుంచి వచ్చిన యూదుల్లో ఎక్కువ. ఒక్కో సమూహానిది ఒక్కో పాత మార్పు. కొద్దిమంది మూలపురుషుల నుంచి పెరిగి, లోపలే పెళ్లిళ్లు చేసుకున్న సమూహాల్లో ఇలాంటివి నిలిచిపోతాయి. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, డేవిడ్ రైక్ తదితరులు 2017లో ప్రచురించిన అధ్యయనం మన ఉపఖండంలో అనేక కులాలు, తెగలు సరిగ్గా ఇలాంటి ఇరుకు దారి గుండా వచ్చాయని, కొన్నిటిది ఫిన్లండ్‌వారి కంటే ఇరుకు దారి అని తేల్చింది. స్వీయ యాంటీబాడీల జన్యుశాస్త్రం దాదాపు అంతా ఐరోపా సంతతి రక్తం మీద కట్టిన భవనం. తెలుగు నేల మీద పని చేయడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

అరుదైన మార్పులు అలా ఉండగా, మామూలు మనుషుల మధ్య చిన్న చిన్న తేడాల లెక్క వేరు. డెన్మార్క్‌లో ఆరోగ్యవంతులైన కవలలను పరీక్షిస్తే, థైరాయిడ్ యాంటీబాడీలు ఏకరూప కవలల్లో ఇద్దరికీ ఉండే అవకాశం మామూలు కవలల కంటే చాలా ఎక్కువగా తేలింది. 2014లో మెడిచి, ఆయన సహచరులు 18 వేలకు పైగా మందిని పరిశీలించి, ఆ యాంటీబాడీలకు సంబంధించిన జన్యు స్థానాలు కొన్నిటిని గుర్తించారు. అందులో ఒకటి యాంటీబాడీ పట్టుకునే థైరాయిడ్ పెరాక్సిడేజ్ ఎంజైమ్ జన్యువే. అన్ని యాంటీబాడీలకూ ఇదే సూత్రం అనుకోకూడదు. స్వీడన్‌లో 12 వేలకు మించిన కవలలను చూసినప్పుడు, కీళ్లవాతానికి ముందు వచ్చే సిట్రులిన్ యాంటీబాడీ ఉండటంలో వంశపారంపర్యం వాటా నాలుగో వంతుకు అటూ ఇటూ మాత్రమే. పొగతాగడం వంటి బయటి కారణాలకు అక్కడ పెద్ద చోటుంది. 2014లోనే జర్మనీలోని గ్యోటింగెన్‌లో హానెలోర్ ఎరెన్‌రైక్ బృందం మెదడులోని ఎన్‌ఎండీఏ గ్రాహకంపై యాంటీబాడీలు మానసిక రోగుల్లో ఎంతగా ఉన్నాయో ఆరోగ్యవంతుల్లోనూ దాదాపు అంతే ఉన్నాయని చూపి, వాటి ఉనికికి ఒక జన్యు రూపంతోనూ, గతంలో సోకిన ఇన్‌ఫ్లుయెంజాతోనూ సంబంధం ఉందని చెప్పింది. జన్యువు వంపు ఇస్తుంది, వైరస్ తోస్తుంది.

తల్లుల కథ ఒకటి చెప్పకుండా ఉండలేను. పుట్టుకతోనే గుండె స్పందన మందగించిన పిల్లల తల్లుల రక్తంలో ‘రో’ అనే యాంటీబాడీ ఉంటుందని 1980ల మొదట్లో తేలింది. ఆ తల్లుల్లో చాలామందికి అప్పటికి ఏ జబ్బూ లేదు. తమ ఒంట్లో అలాంటిది ఉందని బిడ్డ గుండె చెబితేనే తెలిసింది. ఆ యాంటీబాడీని మోసేవారిలో హెచ్‌ఎల్‌ఏ-డీఆర్3 అనే జన్యు రకం ఎక్కువ. అదే యాంటీబాడీ ఉన్న తల్లుల బిడ్డల్లో నూటికి ఒకరిద్దరికే ఈ ముప్పు. మిగతా తొంభై ఎనిమిది మంది హాయిగా పుడతారు. తనకు హాని చేయనిది బిడ్డకు చేయగలదన్నది, ‘ఆరోగ్యవంతులు’ అన్న మాటనే సరిచూసుకోమంటుంది.

2020లో కోవిడ్ వచ్చి ఈ ప్రశ్నను ప్రపంచం ముందు పెట్టింది. జాన్-లారెంట్ కాసనోవా, పాల్ బాస్టార్ బృందం ప్రాణాపాయ స్థితికి చేరిన 987 మందిలో 101 మందికి, వైరస్‌ను తొలి గంటల్లో అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్లనే నిర్వీర్యం చేసే యాంటీబాడీలు ఉన్నాయని తేల్చింది. స్వల్పంగా లేదా లక్షణాలు లేకుండా సోకిన 663 మందిలో ఒక్కరికీ లేవు. ఆ 101 మందిలో 95 మంది మగవారు. ఆ తర్వాత మహమ్మారికి ముందు సేకరించిన 34 వేలకు పైగా ఆరోగ్యవంతుల నమూనాలు చూస్తే, 70 ఏళ్ల లోపు వారిలో అవి 0.18 శాతం, 80 దాటినవారిలో 3.4 శాతం. ఐర్ జబ్బు పిల్లల్లో ఈ యాంటీబాడీలు ఉంటాయని 2006 నుంచే తెలుసు. జీవితమంతా చప్పుడు చేయకుండా ఉండి, కొత్త వైరస్ వచ్చిన వారంలో ప్రాణం తీసే యాంటీబాడీ అది. స్వీయ యాంటీబాడీ ఉంటే ఏమవుతుందని అడిగినవారికి ‘ఏ యాంటీబాడీ?’ అని ముందు తిరిగి అడగాల్సి ఉంటుంది.

ఆ ప్రశ్నకు జవాబు దొరికిన చోట వైద్యం ఇప్పటికే మారింది. అమెరికా సైన్యం భద్రపరిచిన సీరాలను తవ్వి 2003లో చేసిన అధ్యయనంలో, లూపస్ రోగుల్లో 88 శాతానికి జబ్బు తేలకముందే, కొందరికి తొమ్మిదేళ్లకు ముందే యాంటీబాడీలు ఉన్నాయి. టైప్ 1 మధుమేహంలో లెక్క ఇంకా స్పష్టం. క్లోమంపై రెండు లేదా అంతకన్నా ఎక్కువ యాంటీబాడీలు ఉన్న పిల్లల్లో పదేళ్లలో దాదాపు 70 శాతం మందికి జబ్బు వస్తుంది. ఒక్కటే ఉంటే 15 శాతం లోపే. మొదట ఇన్సులిన్‌పై యాంటీబాడీ వస్తుందా, గాడ్ ఎంజైమ్‌పై వస్తుందా అన్నది కూడా బిడ్డ ఏ హెచ్‌ఎల్‌ఏ రకంతో పుట్టిందన్న దాన్ని బట్టి వంపు తిరుగుతుంది. 2022 నవంబరులో అమెరికా ఔషధ సంస్థ ఆమోదించిన టెప్లిజుమాబ్ అనే మందును ఈ దశలో ఉన్నవారికే, అంటే యాంటీబాడీలు ఉండి, చక్కెర కాస్త తడబడుతూ, ఇంకా జబ్బు లక్షణాలు లేనివారికే ఇస్తారు. పరీక్షలో అది మధుమేహాన్ని సగటున రెండేళ్లు వెనక్కి నెట్టింది. 2023 సెప్టెంబరులో ఇటలీ ఒక చట్టం చేసి, ఒకటి నుంచి పదిహేడేళ్ల వయసు పిల్లలందరికీ టైప్ 1 మధుమేహం, సీలియాక్ జబ్బుల యాంటీబాడీ పరీక్షలను జాతీయ కార్యక్రమంగా పెట్టింది. దేశంలోని ఆరోగ్యవంతులైన పిల్లలందరి రక్తంలో స్వీయ యాంటీబాడీల కోసం చట్టం చేసి వెతకడం చరిత్రలో ఇదే మొదలు. ఆ ఇళ్లలో కొందరు తల్లిదండ్రులకు ఆడుకుంటున్న బిడ్డ గురించి ఒక కాగితం అందుతుంది. ఆ కాగితంలో ఒక్క యాంటీబాడీ ఉందా, రెండున్నాయా అన్నదాన్ని బట్టి, ఆ రోజు నుంచి ఆ ఇంట్లో గ్లూకోజు పరీక్షలు మూడు నెలలకోసారా, ఏడాదికోసారా అన్నది నిర్ణయమవుతుంది.